నానిని అడిగారా

భద్రాచలం,
10 ఫిబ్రవరి 2025

తమ్ముడు భాస్కర్‌కు,

అక్క పద్మ ఆశీస్సులు. అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోను చేస్తే నాగలక్ష్మి ఎత్తి నీ చెవి దగ్గర పెడుతుంది. నువ్వు ఊఁ ఊఁ అంటావు. చివరికి ఆయనకేమీ వినపడలేదు వదినా అని ఆమే చెబుతుంది. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకొకరి నోటి మీదుగా నీకు చేరాల్సింది కాదు. డయాలసిస్ రోజుల్లో మందులకి నీ చెవులు పోయినప్పటి నుంచి, ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి గ్రహిస్తావు గానీ, దూరాన ఉన్న మనిద్దరికీ ఈ కాగితమే కదా దిక్కు.

అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. కీమో మందుకి వేళ్ల చివర్లు మొద్దుబారాయి. చల్లనీళ్లు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుంటుంది. మా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వంట చేసే కన్నమ్మ రోజూ వచ్చి గిన్నెలు కడిగిపెట్టి పోతోంది. దుమ్ముగూడెం అవతల వాళ్లది. "నీళ్ల జోలికి పోకు టీచరమ్మా, నేనున్న గదా" అంటుంది. వద్దంటే వినదు.

సంగతికి వస్తాను. పెద్దపేగులో గడ్డ తీసేసి పది నెలలైంది. అప్పటికే కాలేయంలోకి పాకిన మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. పెరగలేదు, పోలేదు. కోసి తీసేద్దామంటే విత్తనాలు చల్లినట్టు రెండు వైపులా ఉన్నాయి. మొన్న హైదరాబాదులో పెద్ద డాక్టరు నన్నూ మీ బావనీ కూర్చోబెట్టి చెప్పాడు. జబ్బు కాలేయం దాటలేదు, మందుకి ఆరు నెలలుగా లొంగి ఉంది, ఇలాంటి కొద్దిమందికి ఇప్పుడు కాలేయమే మార్చేస్తున్నాం అన్నాడు. బతికున్న మనిషి దగ్గర సగం పైగా తీసి నాకు పెడతారు. ఇచ్చిన వాళ్లకి కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుందట. మార్చకపోతే ఎన్నాళ్లు అని మీ బావ అడిగాడు. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నాడు డాక్టరు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

నా నడుం పక్కన పాత కోత చూసి ఇదేమిటమ్మా అన్నాడు. కిడ్నీ మా తమ్ముడికిచ్చాను, పద్నాలుగేళ్లయిందని చెప్పాను. కాసేపు రిపోర్టులు తిరగేశాడు. ఉన్న ఒక్కటీ బాగా పనిచేస్తోంది, మార్పిడి తర్వాత వాడే మందులు దాన్ని కొంచెం ఇబ్బంది పెడతాయి, అయినా చేయొచ్చు అన్నాడు.

మీ బావకి సుగరు, కాలేయంలో కొవ్వు. ఆయన పనికిరాడన్నారు. నువ్వు వాడే మందులతో నువ్వివ్వలేవు, నిన్ను అడగను కూడా. మాకు పిల్లలు లేరు. మిగిలింది నీ కొడుకు. నానిదీ నాదీ ఒకటే రక్తం గ్రూపు. ఇరవయ్యారేళ్లవాడు, ఏ అలవాటూ లేనివాడు.

వాడినోసారి అడుగు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడుగు. ప్రమాదమేమీ లేదని చెప్పకు, ఉంది. కొన్ని వందల మందిలో ఒకరికి ప్రాణం మీదికి రావచ్చని డాక్టరే అన్నాడు. నేనే ఫోను చేసి అడిగితే వాడు కాదనలేడు. అది అడగడమనిపించుకోదు, చెయ్యి మెలిపెట్టడం అవుతుంది. అందుకే నీకు రాస్తున్నాను. వద్దంటే మళ్లీ ఈ మాట ఎత్తను.

మామిడి పూత నిలిచిందా? నాగలక్ష్మిని అడిగానని చెప్పు.

నీ అక్క,
పద్మప్రియ


పెనుబల్లి,
21 ఫిబ్రవరి 2025

అక్కకి భాస్కర్ నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాగలక్ష్మి ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ ఉంటే ఏమైపోయేదో అని ఒకటే ఏడుపు. పూత సగం మంచుకి మాడిపోయింది అక్కా. తూర్పు దడి వైపు చెట్లు పరవాలేదు. పామాయిల్ గెలలు కోయడానికి మనుషులు దొరకడం లేదు, అదొక తలనొప్పి.

నువ్వు రాసిన విషయం మీద సత్తుపల్లి వెళ్లి మన లాయరుని కలిశాను. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, తాతలూ మనవళ్లూ, చట్టంలో దగ్గరివాళ్లంటే వీళ్లేనట. మేనల్లుడు అందులో లేడు. చట్టానికి అడ్డం పోతే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ జైలేనన్నాడు. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి, జాగ్రత్తగా ఉండాలి. జరగని పనికి వాడి మనసు కష్టపెట్టడం ఎందుకని నానికి చెప్పలేదు.

మా తోటలో బిచ్యా అని పని చేస్తాడు. చర్ల అవతల అడవి ఊళ్లో ఎవరో పసరు ఇస్తారనీ, వాళ్ల బావమరిది కడుపులో గడ్డ దాంతోనే కరిగిందనీ చెప్పాడు. కన్నమ్మది అటువైపే కదా, కనుక్కో. ఇంగ్లీషు మందులు ఒంట్లో వేడి పెంచుతాయి. దేవుడున్నాడు. నువ్వు చేసిన మంచి ఊరికే పోదు.

నెయ్యి పంపుతున్నాను, బస్సులో కండక్టరుకి ఇచ్చాను. బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు,
ఉదయ్ భాస్కర్


భద్రాచలం,
3 మార్చి 2025

భాస్కర్‌కు ఆశీస్సులు.

నెయ్యి అందింది. వాసన చూడగానే వాంతి వచ్చింది, కన్నమ్మ పిల్లలకి పంపించేశాను. పసరు సంగతి కన్నమ్మని అడిగాను. అంట్లు తోముతున్నదల్లా ఆగి, "మా ఊరోళ్లు రోగమొస్తే భద్రాచలం దవాఖానకు వస్తరు టీచరమ్మా. మీరేంది, మా ఊరికి పోతమంటరు" అంది. మళ్లీ తల దించుకుని తోమడం మొదలుపెట్టింది. నీ పసరు మాట వల్ల ఆ ముఖం చూడాల్సి వచ్చింది.

మీ లాయరు సగమే చెప్పాడు. మేనల్లుడు దగ్గరివాళ్ల జాబితాలో లేడు, నిజమే. కానీ ప్రేమాభిమానంతో ఇస్తున్నాడని, డబ్బు చేతులు మారలేదని ఒక కమిటీ ముందు చూపిస్తే అనుమతి ఇస్తారు. ఆసుపత్రిలో ఆ పని చూసే అమ్మాయి కాగితం మీద రాసి మరీ చెప్పింది. నువ్వు మంచాన పడ్డప్పుడు వాడు నాలుగేళ్లు మా ఇంట్లో ఉండి చదివాడు కదా. స్కూలు రికార్డులో చిరునామా మాదే. పదో తరగతి హాల్ టికెట్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మీ ఇద్దరి ఫొటోలు ఉన్నాయా అని అడిగిందా అమ్మాయి. ఉన్నాయమ్మా, నది ఒడ్డున, నా ఒళ్లో తలపెట్టి పడుకున్నవి కూడా ఉన్నాయి అన్నాను.

అందువల్ల చట్టం అడ్డం కాదు. వాడి ఇష్టం ఒక్కటే కావాలి. ఏప్రిల్ మూడో వారంలో మళ్లీ స్కాను. ఈలోపు దాత ఎవరో తేలి పరీక్షలు మొదలుపెడితేనే మే నెలలో చేస్తామన్నారు. ఆలస్యమైతే కాలేయం దాటి పాకుతుందని, అప్పుడు ఎవరిచ్చినా లాభం ఉండదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పోయిన ఆదివారం వాడే ఫోను చేశాడు. ఎలా ఉన్నావత్తా అంటే బాగున్నానన్నాను. నువ్వు చెప్పలేదని తెలుసు కాబట్టి నోటిదాకా వచ్చిన మాట మింగి ఊరుకున్నాను. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. అంతే అడుగుతున్నాను.

అక్క,
పద్మ


పెనుబల్లి,
16 మార్చి 2025

అక్కకి,

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నానికి చెప్పాం. నేనూ నాగలక్ష్మీ కూర్చోబెట్టి నీ రెండు ఉత్తరాలూ చదివి వినిపించాం. వాడు మొత్తం విన్నాడు. తర్వాత నాకు భయంగా ఉంది నాన్నా అన్నాడు. అత్తంటే ప్రాణమే, కానీ నా వల్ల కాదన్నాడు. ఈ మాట అత్తతో నేను చెప్పలేను, మీరే ఎలాగోలా చెప్పండని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫోనులో నువ్వు ఈ ప్రస్తావన తెస్తే వాడు తట్టుకోలేడు. నీ ముఖం చూడలేకపోతున్నాడు. వాడిని క్షమించు.

ఇంకో సంగతి. వాడికి మధిర సంబంధం కుదిరింది. పిల్ల ఫార్మసీ చదివింది. మే పద్నాలుగు ముహూర్తం. ఇలాంటప్పుడు శుభవార్త చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ నీకు చెప్పకుండా ఎలా? నువ్వే కదా వాడిని పెంచింది.

కీమో మానకు. మందులతోనే నయమైనవాళ్లు ఎంతమంది లేరు.

నీ తమ్ముడు,
భాస్కర్


భద్రాచలం,
24 మార్చి 2025

భాస్కర్‌కు,

ఉత్తరం అందింది. సరే.

వాడు భయపడ్డాడంటే నాకు కోపం రాలేదు. భయపడాల్సిన విషయమే. నేనూ భయపడ్డాను, అప్పుడు. ఆపరేషనుకి ముందు రోజు ఖమ్మం నుంచి వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ నిలబడి నువ్వెంత గొప్పదానివే అన్నారు. భయమేస్తోందా అని ఒక్కరూ అడగలేదు. నాని నోరు తెరిచి చెప్పుకోగలిగాడు, వాడి అదృష్టం.

ఈ వారంలో రెండుసార్లు ఫోను చేశాడు. తీయలేదు. వాడేమో సిగ్గుపడి క్షమాపణ చెబుతాడు, నేనేమో పరవాలేదనాలి. ఇప్పుడు నాకు అంత ఓపిక లేదు. కొన్నాళ్లు చేయొద్దని చెప్పు.

పెళ్లికి అక్షింతలు పంపిస్తాను. మధిర పిల్ల పేరేమిటో రాయలేదు.

అక్క


పెనుబల్లి,
12 ఏప్రిల్ 2025

అక్కకి నమస్కారాలు.

నువ్వు పెద్దమనసు చేసుకున్నావు. నీ ఉత్తరం చదివాక మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. పిల్ల పేరు ఉదయశ్రీ. నా పేరులోని ఉదయమే, చూశావా. రంగు కొంచెం చామనఛాయ గానీ కళగా ఉంటుంది.

నవమి నాడు కన్నమ్మ మమ్మల్ని గుడి దగ్గర చూసిందని బావగారు ఫోనులో నాగలక్ష్మితో అన్నారట. నిజమే. మొదటి శుభలేఖ రాముడి పాదాల దగ్గర పెట్టాలని వియ్యంకులు పట్టుబట్టారు. కల్యాణం జనంలో ఊపిరాడలేదు. మీ ఇంటికి రావాలనే ఉంది. కానీ వియ్యంకులు వెంట ఉన్నారు. ఉన్నదున్నట్టు చెబుతాను, కోపం తెచ్చుకోకు. నీ జబ్బు సంగతి వాళ్లకి చెప్పలేదు. పేగు జబ్బు వంశంలో ఉందేమోనని అడుగుతారు. నాన్న కూడా కడుపునొప్పితోనే పోయాడు కదా. పెళ్లయ్యాక నిదానంగా చెబుదాం.

అందుకని పెళ్లికి కూడా, ఈ ఎండల్లో అంత దూరం ప్రయాణం చేసి నువ్వు రావాలని మేం పట్టుబట్టం. జుట్టు అదీ ఊడిపోయి ఉంటుంది, నలుగురిలో నీకే ఇబ్బంది. బావగారు ఒక్కరు వచ్చినా చాలు.

నీ తమ్ముడు,
భాస్కర్


పెనుబల్లి,
16 ఏప్రిల్ 2025

పూజ్యురాలైన అక్కకి,

నీ గురించి ఆలోచిస్తూ మా ఇద్దరికీ మనశ్శాంతి లేదు. పెళ్లి ఇవాళ కాకపోతే రేపు చేసుకోవచ్చు. అక్క ప్రాణం మళ్లీ రాదు. నానిని మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాం. వాడు మనసు మార్చుకున్నాడు. కాలేయం ఇవ్వడానికి సిద్ధం. మేమూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాం. ఎప్పుడు ఎక్కడికి తీసుకురావాలో రాయి, వెంటనే బయలుదేరతాం. నీ తమ్ముడు నిన్ను మరిచిపోయాడని ఎవరూ అనకూడదు.

ఈ ఉత్తరం భద్రంగా ఉంచు.

నీ తమ్ముడు,
ఉదయ్ భాస్కర్


భద్రాచలం,
28 ఏప్రిల్ 2025

తమ్ముడు భాస్కర్‌కు ఆశీస్సులు.

పదహారో తారీఖున నువ్వు రాసిన ఉత్తరం మొన్న శనివారం చేరింది. మీ బావ చదివి కవరుతో సహా నా చేతికిచ్చాడు.

ఇరవై రెండున స్కాను చూసి డాక్టర్లు పెదవి విరిచిన సంగతి మీ బావ ఆ సాయంత్రమే నాగలక్ష్మికి ఫోనులో చెప్పాడు. కాలేయం దాటింది, పొట్ట లోపలి పొర మీద చుక్కలున్నాయి, ఇక మార్పిడి కుదరదు అన్నారని. నువ్వు రాసింది అంతకు ఆరు రోజుల ముందు కదా, పాపం నీకప్పటికి తెలియదు.

ఇప్పుడు మంచి మాట విను. ఆ స్కాను ఇంకో పెద్ద డాక్టరు మళ్లీ చూశాడు. ఆ చుక్కలు జబ్బు కాదట, పాత ఆపరేషను మచ్చలట. మార్పిడి చేయొచ్చట. దాత సిద్ధంగా ఉంటే మే ఐదు, సోమవారం ఉదయం తీసుకురమ్మన్నారు. నువ్వు రాసిన మాట చదివి నాకు ఆయుష్షు పెరిగినట్టయింది. ఆదివారానికల్లా నానిని తీసుకుని భద్రాచలం రండి. ఇక్కడి నుంచి అందరం కలిసి హైదరాబాదు వెళ్దాం. ఆధారు, చదువు సర్టిఫికెట్లు మరిచిపోవద్దు. నాగలక్ష్మి సంతకం కూడా కావాలి.

ఎదురు చూస్తుంటాను.

అక్క,
పద్మప్రియ


పెనుబల్లి,
2 మే 2025

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం తోట నుంచి వచ్చేసరికి బల్ల మీద ఉంది. అప్పటి నుంచి నాగలక్ష్మి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. నీకు మంచి జరుగుతుందంటే సంతోషమే. కానీ సోమవారం రాలేం. శుభలేఖలు పంచేశాం. నాని కూడా మిగిలిన కార్డులు పంచడానికి ఖమ్మం వైపు పోతున్నాడు, నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. పెళ్లయ్యాక చూద్దామా అంటే నీకు టైము లేదంటావు.

ఎన్నాళ్లని దాస్తాను? నిజం రాస్తున్నాను. నానికి అసలు చెప్పలేదు. మార్చిలోనూ చెప్పలేదు, ఏప్రిల్లోనూ చెప్పలేదు. వాడు భయపడ్డాడని రాసింది నేను. చెబితే వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా నీ దగ్గరికి వచ్చేస్తాడని నాకు తెలుసు. ఒక్కడే కొడుకు. వందల్లో ఒకరికి అవుతుందన్నావే, ఆ ఒక్కడు వాడే అయితే? నువ్వు పిల్లల్ని కన్నదానివి కాదు. నీకెలా చెప్పను?

ఇంకో మాట కూడా రాసేస్తాను, ఇన్నేళ్లు గొంతులో ఉంది. కిడ్నీ ఇవ్వమని నిన్ను నేను అడగలేదు. అమ్మ అడిగింది. మంచం మీద ఉన్నవాడిని, నా ఇష్టం ఎవరడిగారు? అప్పటి నుంచి ఈ ఇంట్లో నువ్వు ఏం చెబితే అది వేదం. నాగలక్ష్మి ఏ చీర కట్టాలో నువ్వు చెప్పావు. నాని ఏం చదవాలో నువ్వు చెప్పావు. నేను నీతో ఒక్కసారి గొంతెత్తి మాట్లాడి పద్నాలుగేళ్లయింది. మాట్లాడబోతే నీ నడుం మీది కోత గుర్తొచ్చేది. దాన్ని ఎప్పటికైనా నా కొడుకుతో తీర్చుకుంటావని నాగలక్ష్మి ఆనాడే అంది. నేను తిట్టాను దాన్ని.

నన్ను ఎన్ని అన్నా పడతాను. వాడిని వదిలెయ్.

భాస్కర్


భద్రాచలం,
7 మే 2025

భాస్కర్‌కు,

ముందు నా అబద్ధం చెబుతాను. స్కాను ఎవరూ మళ్లీ చూడలేదు. పొట్ట పొర మీదివి మచ్చలు కావు, జబ్బే. మార్పిడి అన్న మాట ఏప్రిల్ ఇరవై రెండుతోనే ముగిసింది.

నీ ఉత్తరం లోపల పదహారో తారీఖు. కవరు మీద స్పీడ్ పోస్టు చీటీలో ఇరవై నాలుగు, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు, పెనుబల్లి. ఇక కుదరదని నీకు తెలిసిన రెండో రోజు. పనికిరాదని తెలిశాక ఇస్తానని రాశావు. రేపు నలుగురిలో చూపించుకోవడానికి భద్రంగా ఉంచమన్నావు. చదివి నేను నవ్వాను. పొట్ట నొప్పెట్టేదాకా నవ్వాను. తర్వాత కూర్చుని, నువ్వు నాలుగు రోజులు నిద్రపోకూడదని ఆ అబద్ధం రాశాను. నిన్ను భయపెట్టాలనే రాశాను. అప్పుడు నాకు హాయిగా ఉంది, అదీ చెబుతున్నాను.

ఆ కవరు నీకన్నా ముందు నాని విప్పుతాడని మాత్రం నాకు తోచలేదు. పోస్ట్‌మాన్ వాడి చేతికే ఇచ్చాడట. చదివి, మళ్లీ అంటించి, నీ బల్ల మీద పెట్టి, కార్డులు పంచాలని మీకు చెప్పాడు.

ఆదివారం పదకొండింటికి బండి మీద వచ్చాడు. ముఖమంతా దుమ్ము. భుజాన సంచిలో రెండు జతల బట్టలు, ఆధారు, సర్టిఫికెట్లు, ఎప్పుడో రక్తదానం చేసిన కార్డు. అన్నం పెట్టమని కన్నమ్మకి చెబితే, "వద్దత్తా, రక్తం తీస్తరేమో అని పొద్దున్నుంచి ఏం తినలే" అన్నాడు. "సంతకం ఎక్కడ పెట్టాలె? నాకు ముందుగాలనే ఎందుకు చెప్పలే? ఫోన్ చేస్తే తియ్యవైతివి, నామీద కోపమొచ్చిందనుకున్న" అన్నాడు.

వాడికి నేను చెప్పాల్సి వచ్చింది. బట్టతలతో, వాడి ఎదురుగా కూర్చుని, అది అబద్ధం నాన్నా, మీ నాన్నని ఏడిపించడానికి రాశాను అని చెప్పాను. మార్చిలో వాడు భయపడ్డాడని నువ్వు రాసిందీ చెప్పాను. సంచి ఒళ్లోంచి దించలేదు. "మార్చిలో చెప్తే అయ్యేదా?" అని మీ బావని అడిగాడు. మీ బావ అవునన్నాడు.

సోమవారం నీ ఉత్తరం వచ్చింది. వాడే సంతకం పెట్టి తీసుకున్నాడు. ఇవ్వరా అంటే ఇవ్వకుండా, నా మంచం దగ్గర నిలబడి పైకి చదివాడు. ఒక్క ముక్క వదల్లేదు. వాడికి అసలు చెప్పలేదన్న చోట కూడా గొంతు ఆగలేదు. నువ్వు పిల్లల్ని కన్నదానివి కాదన్నది కూడా చదివాడు. మడిచి నా దిండు పక్కన పెట్టాడు.

"నాన్న దాచిండు సరే. నువ్వెందుకు అబద్ధమాడినవ్ అత్తా?" అన్నాడు.

బడిలో ముప్పై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి ఈ ప్రశ్నే అడిగాను.

"మీ ఇద్దరూ కొట్లాడుకుంటిరి. నడుమ నన్ను అడిగినోళ్లు ఎవరున్నరు?" అని, బండి తీసి వంతెన దాటి వెళ్లిపోయాడు. ఫోను ఆపేశాడు. ఎక్కడికి పోయాడో నాకు తెలియదు. ఇది అబద్ధం కాదు.

పద్మప్రియ


పెనుబల్లి,
17 మే 2025

పద్మప్రియ గారికి,

నాని రాలేదు. పద్నాలుగో తారీఖు పందిట్లో పెళ్లివారు మధ్యాహ్నం రెండింటిదాకా కూర్చుని లేచి వెళ్లిపోయారు. ఆ పిల్ల వాళ్ల నాన్న నన్ను ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆయన పెదాలు చూస్తే అర్థమైంది. నాగలక్ష్మి గది తలుపు తీయడం లేదు.

నువ్వు గెలిచావు. పోతూ పోతూ నా ఇల్లు కూల్చి పోతున్నావు. నాకు ఒకటి ఇచ్చావు, ఇప్పుడు ఒకటి తీసుకున్నావు. సరిపోయింది.

వాడు నీ దగ్గరికే వస్తాడు. వస్తే ఇంటికి పొమ్మని చెప్పు. ఆ ఒక్కటీ చెయ్యి.

ఉదయ్ భాస్కర్


భద్రాచలం,
1 జూన్ 2025

భాస్కర్‌కు,

ఇది నా చేతిరాత కాదు. నా చేతికి పెన్ను నిలవడం లేదు. నాని రాస్తున్నాడు. ఇన్నాళ్లూ ఇల్లందులో కోటేష్ అనే స్నేహితుడి గదిలో ఉన్నాడట, ఇరవై రెండున వచ్చాడు. ఇంటికి పొమ్మని ఆ రోజే చెప్పాను, మర్నాడూ చెప్పాను. వినపడనట్టు ఊరుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తా, అబద్ధమనిపిస్తే పెన్ను పక్కన పెట్టేస్తా అన్నాడు. ఇప్పటికి రెండుసార్లు పెట్టేశాడు. నీ మీద నాకు కోపం లేదన్నప్పుడు ఒకసారి. నొప్పి అంతగా లేదన్నప్పుడు ఒకసారి.

పొట్టలో నీరు చేరుతోంది. నాలుగు రోజులకోసారి ఇక్కడి దవాఖానలో తీస్తున్నారు. డాక్టరు ఇక రోజులు చెప్పడం మానేశాడు.

వాడు ప్రేమతో నా దగ్గర ఉన్నాడని నువ్వు కుళ్లుకోకు. మందు వేళకిస్తాడు, దుప్పటి మారుస్తాడు, ఎత్తి కూర్చోబెడతాడు. అవసరమైనంతే మాట్లాడతాడు. మొన్న చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుని గ్లాసు కడగడానికి పోయాడు. కన్నమ్మ చూసి, "పిల్లగాడు పని మంచిగ చేస్తడు టీచరమ్మా. మొహమే ఇటు తిప్పడు" అంది.

నువ్వు రాసిన దాంట్లో ఒకటి నిజం. అమ్మ అడిగింది, నేను ఇచ్చాను, ఇచ్చాక నీ ఇంట్లో పెద్దరికం చేశాను. నాగలక్ష్మి చీరల సంగతీ నిజమే. అప్పుడు నాకు అది తప్పుగా కనపడలేదు. కానీ నువ్వు బతికినందుకు నేను ఏ ఒక్క రోజూ బాధపడలేదు. ఈ వాక్యం నాని రాశాడు, ఆగలేదు.

ఒకసారి రా. మాట్లాడుకోవడానికి కాదు. నీకు వినపడదు, నాకు గొంతు రావడం లేదు. వచ్చి కాసేపు కూర్చుని వెళ్లు.

పద్మ

నాన్నా, అత్త చెప్పింది ఇంతవరకే. కింద వేలిముద్ర ఆమెదే.

ఏ రోజు వస్తావో అమ్మతో మామయ్యకి ఫోను చేయించు, నాకు కాదు. ఆ రోజు మందులన్నీ కన్నమ్మకి అప్పజెప్పి బయటికి పోతాను. నువ్వు తిరుగు బస్సెక్కావని తెలిశాకే ఇంట్లో అడుగు పెడతాను.

నాని